పోలేపల్లి క్యూసీ ఆఫర్: చేరాల్నా వద్దా

పోలేపల్లి కంపెనీల క్యూసీ (క్వాలిటీ కంట్రోల్, సరుకు నాణ్యత చూసే పని) జాబ్ ఆఫర్ వచ్చింది, చేరాల్నా వద్దా అని అడిగినవ్ గదా. రెండేండ్లల్ల నలుగురు మానేసిన పోస్టుకు 9 వేలు ఎక్కువిస్తా అంటున్నరంటే, మనుషులు నిలుస్తలేరు కాబట్టే తమ్మీ. ఎందుకు నిలుస్తలేరో తెల్సుకో: కంపెనీల పైసల్లేవా, లేక పైన మేనేజర్ సతాయిస్తుండా. రెండూ వేరే వేరే.

1. అందరూ హెచ్‌ఆర్‌ని అడుగుతరు, ఇది మాత్రం ఎవ్వరూ చూడరు. ఈపీఎఫ్ఓ (పీఎఫ్ పైసలు చూసే సర్కారు సంస్థ) వెబ్‌సైట్ల ఎస్టాబ్లిష్‌మెంట్ సెర్చ్ ఉంటది, లాగిన్ అక్కర్లే, కంపెనీ పేరు కొట్టి పేమెంట్ డిటైల్స్ తెరిస్తే ఏ నెల పీఎఫ్ ఏ తారీఖున కట్టిండ్రు, ఎంతమందికి కట్టిండ్రు అంతా కనపడ్తది. తర్వాతి నెల 15 లోపల కట్టాలె. 15 దాటుతుంటే పైసల కష్టం ఉన్నట్టే. తారీఖులు మంచిగుండి మంది సంఖ్య నెలనెలా తగ్గుతుంటే మనుషులు పోతున్నరన్నట్టు. (కాంట్రాక్ట్ లేబర్ది కాంట్రాక్టర్ పేరు మీద ఉండొచ్చు, అది కలపకు.)

నేను చౌటుప్పల్ దిక్కు ఒక కంపెనీల ఇది చూడకుండనే చేరిన, మూడో నెల నుంచి జీతం 20 తారీఖు, 25 తారీఖు, ఇంటి కిరాయికి బావమరిదిని అడిగిన. ఆ బాధ నీకొద్దు.

2. షిఫ్ట్ మారే టైంకు గేటు బయట చాయ్ బండి కాడ నిలబడు. క్యూసీ వాళ్లను ఒక్కటే అడుగు, పోయిన నెల జీతం ఏ తారీఖున పడ్డది అని.

3. పీఎఫ్ లేటైతే ఇప్పుడున్న జాబ్ వదలకు. మేనేజర్‌తోనే లొల్లి అయితే, నువ్వు ఎవరి కింద చెయ్యాలో ఆయనతో ఒక్కసారి మాట్లాడినంకనే సంతకం పెట్టు, బాండ్ (ఇన్ని రోజులు మానెయ్యొద్దనే ఒప్పందం), నోటీస్ పీరియడ్ ఎంతనో చదివి.