రెండో పేజీ దాటని కథ

ప్రశ్న: కథలెలా రాయాలో చెప్పే పుస్తకాలు నాలుగు చదివాను. ఎత్తుగడ, దృష్టికోణం (కథ ఎవరి కళ్లతో నడుస్తుందన్నది), పాత్రచిత్రణ గురించి అడిగితే చెప్పగలను. రాయడానికి కూర్చుంటే మాత్రం రెండో పేజీ దాటడం లేదు. ఇంకే పుస్తకం చదవమంటారు?

జవాబు: ఇంకేమీ వద్దు. ఉన్నవాటిలోనూ ఒక్కటే ఉంచుకోండి. ఒకరు పాత్రతో మొదలుపెట్టమంటారు, ఇంకొకరు సంఘటనతో. అన్నీ ఒకేసారి పాటించబోతే కలం కదలదు.

వారానికి ఒక అధ్యాయం చాలు. దృష్టికోణం చదివారనుకోండి. మీకు నచ్చిన నాలుగైదు పేజీల కథ తీసుకుని, ప్రతి వాక్యం పక్కన పెన్సిల్‌తో 'ఇది ఎవరికి తెలుసు?' అన్నదానికి జవాబు రాయండి. తర్వాత ఒక్క పేజీ సొంతంగా రాసి, దానికీ అదే పరీక్ష పెట్టండి. రాధ కళ్లతో నడిచే కథలో 'అబద్ధం చెప్పక తప్పదనుకున్నాడు శ్రీను' అని రాస్తే పట్టు తప్పినట్టే. అతని మనసులో మాట ఆమెకెలా తెలుస్తుంది? 'శ్రీను ఆమె వైపు చూడలేదు. చెప్పులు విప్పుతూ, బస్సు దొరకలేదన్నాడు' అంటే ఆమెకు కనిపించినంతే పాఠకుడికీ కనిపిస్తుంది. అబద్ధమేమోనన్న అనుమానం ఇద్దరికీ కలిసే వస్తుంది.

చిత్తుప్రతి రాసేటప్పుడు పుస్తకం మూసేయండి. మీరు ఆగిపోతున్నది అక్కడే అనిపిస్తోంది: రాస్తూనే దిద్దుతున్నారు. బాగా లేకపోయినా చివరిదాకా రాసి, వారం పక్కన పెట్టి, అప్పుడు పుస్తకం తెరవండి. ఒక్కో విడత ఒక్క విషయమే చూడాలి. మొదట నిర్మాణం: చిక్కు ఎక్కడ మొదలైంది? రెండో పేజీలో అయితే మొదటి పేజీలో చాలామటుకు కొట్టేయొచ్చు. తర్వాత దృష్టికోణం, ఆపైన సంభాషణలు (ఇవి పైకి చదివితేనే తేలతాయి), చివర భాష. ఈ వరస తిరగేస్తే శ్రమ వృథా. చక్కగా చెక్కిన పేరానే రేపు తీసేయాల్సి వస్తుంది, పైగా తీయడానికి మనసొప్పదు.

ప్రశ్న: కథ చివర మలుపు ఉండి తీరాలా?

జవాబు: అక్కర్లేదు. పెడితే మాత్రం దాని ఆనవాళ్లు ముందే కనీసం రెండుచోట్ల, వేరే పనిమీద వచ్చినట్టు కనిపించాలి. వెనక్కి వెళ్లి వెతికిన పాఠకుడికి అవి దొరక్కపోతే మోసపోయాననుకుంటాడు. మొదటి ప్రతిలో అవి పడకపోయినా ఫర్వాలేదు. ముగింపు కుదిరాక వెనక్కి వెళ్లి నాటుకోవచ్చు.