గొంతు బొంగురుపోయి మూడు నెలలా? ముందు చూపించుకోండి

ప్రశ్న: నా వయసు 46. రెండేళ్లుగా ఛాతీలో మంట, పుల్లటి త్రేన్పులు. మూడు నెలలుగా గొంతు బొంగురుపోయింది, ఏదో అడ్డుపడినట్లు ఉంటోంది. మంట వచ్చినప్పుడల్లా పాంటోప్రజోల్ కొని వేసుకుంటున్నాను. సిగరెట్లు ఈ మధ్య తగ్గించాను. యాసిడ్ వల్ల గొంతు ఎంత దెబ్బతిన్నదో రక్తపరీక్షలో తెలుస్తుందా? మాత్ర మోతాదు పెంచుకోవచ్చా?

జవాబు: రక్తపరీక్షలో తెలియదు. మోతాదు సంగతి తర్వాత చూద్దాం. నన్ను కలవరపెట్టింది మూడు నెలల బొంగురు, దాని పక్కనే మీరు తేలిగ్గా రాసేసిన సిగరెట్. గొంతు బొంగురు నాలుగు వారాల్లో తగ్గకపోతే ఎవరికైనా స్వరపేటికను చూడాల్సిందే. పొగతాగేవారు అంతకాలం కూడా ఆగకూడదు. మీరు ఇప్పటికే చాలా ఆలస్యం చేశారు.

ఈఎన్‌టీ డాక్టరు ముక్కులోంచి సన్నటి గొట్టం పంపి స్వరతంత్రులను చూస్తారు. కొద్ది నిమిషాల పని. అక్కడ ఎరుపు, వాపు కనిపించినంత మాత్రాన యాసిడ్ పనేనని చెప్పలేం. పొగ, అలర్జీ, అతిగా మాట్లాడటం, ఆఖరికి మాటిమాటికీ గొంతు సవరించుకోవడం వల్ల కూడా అలాగే కనిపిస్తుంది. గడ్డ, పుండు, తెల్లమచ్చ లేవని తేలడం ముఖ్యం. అన్నవాహికకు ఎండోస్కోపీ వేరే. అది మామూలుగా ఉన్నా రిఫ్లక్స్, అంటే కడుపులోని యాసిడ్ పైకి ఎగదన్నడం, లేదని కాదు. అనుమానం తీరకపోతే అన్నవాహికలోకి యాసిడ్ ఎంత వస్తోందో కొలిచే 24 గంటల పీహెచ్ పరీక్ష ఉంది.

ఇక సొంత వైద్యం. ఈ మాత్ర యాసిడ్‌ను తగ్గిస్తుందే తప్ప, కడుపులోనిది పైకి ఎగదన్నడాన్ని ఆపదు. మంట తగ్గగానే జబ్బు తగ్గిందనుకుని రోజులు గడిపేస్తారు. ఈలోగా పుండ్లు పైపైన మాని, ఎండోస్కోపీలో అసలు తీవ్రత కనిపించకపోవచ్చు. కొన్నిసార్లు క్యాన్సర్ పుండు కూడా అలా కళ్లు కప్పుతుంది. కడుపులో పుండ్లు తెచ్చే హెలికోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా కోసం చేసే పరీక్ష కూడా తప్పుగా నెగెటివ్ రావచ్చు. అందుకే కొన్ని పరీక్షలకు రెండు వారాల ముందు మాత్ర ఆపమంటాం. మీ అంతట మీరు మాత్రం ఆపకండి, పెంచకండి. వాడమని చెబితే, తినడానికి అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి. మంట వచ్చాక వేసుకుంటే పెద్దగా ఉపయోగం లేదు.

మిమ్మల్ని చూడకుండా ఇంతకన్నా చెప్పలేను. ముద్ద దిగకపోవడం, బరువు తగ్గడం, మెడలో గడ్డ, ఒకవైపు చెవిపోటు, రక్తపు వాంతి, నల్లటి విరేచనం, వీటిలో ఏది ఉన్నా అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకండి. ఊపిరి ఆడటం కష్టమైతే నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లాలి. ఇవేవీ లేకున్నా ఈ వారంలోనే ఈఎన్‌టీ డాక్టరును కలవండి. ఇన్నాళ్లూ వాడిన మాత్రల ఖాళీ పట్టీలు వెంట తీసుకెళ్లండి.