అయస్కాంతం అంటుకోకపోతే ఐరన్ క్రాస్ డూప్లికేటేనా?

ప్రశ్న: నమస్తే అండి. మాది హైదరాబాద్. ఇన్నాళ్లూ నిజాం నాణేలు కలెక్ట్ చేసేవాణ్ణి, ఈమధ్య పాత జర్మన్ మెడల్స్ మీదకి మనసు మళ్లింది. ఆన్‌లైన్‌లో 1914 ఐరన్ క్రాస్ సెకండ్ క్లాస్ ఒకటి కొన్నా. అమ్మినాయన "రేర్ వేరియంట్, మాగ్నెట్ పట్టదు" అని చెప్పి మామూలు రేటుకి మూడింతలు తీసుకున్నాడు. మా ఫ్రెండేమో ఐరన్ క్రాస్‌లో ఐరనే లేకపోతే అది డూప్లికేటే కదా అంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి?

జవాబు: ఇద్దరి మాటా పూర్తిగా నమ్మొద్దండి. ముందు ఇది ఎలా తయారవుతుందో చెప్తా, అప్పుడు మీరే చూసుకోవచ్చు. మధ్యలో నల్లరంగు వేసిన ఇనప ముక్క ఉంటుంది, దానికి ముందొకటి వెనకొకటి వెండి ఫ్రేములు పెట్టి అంచు దగ్గర కలిపి అతికిస్తారు, అంటే మొత్తం మూడు ముక్కలు. 1813 మార్చి 10న ప్రష్యా అనే అప్పటి జర్మన్ రాజ్యపు రాజు మూడో ఫ్రెడరిక్ విల్‌హెల్మ్ నెపోలియన్ మీద యుద్ధానికి దీన్ని మొదలుపెట్టాడు, అది అప్పటికే చనిపోయిన ఆయన భార్య లూయీజా రాణి పుట్టినరోజు. డిజైన్ గీసింది షింకెల్ అనే ఆర్కిటెక్ట్. తర్వాత 1870లో ఒకసారి, 1914లో ఒకసారి మళ్లీ తెచ్చారు. మొదటి ప్రపంచయుద్ధంలో సెకండ్ క్లాస్ ఒక్కటే దాదాపు 50 లక్షలు ఇచ్చారంటారు. అన్నేసి తయారు చెయ్యాలంటే ఒక్క వర్క్‌షాప్ వల్ల అయ్యే పని కాదు కదా, చాలామంది చేశారు, దాంతో క్రాస్ మీది కిరీటం ఆకారం, సంవత్సరం అంకెల లావు, అంచు పూసలు ఒక్కో చోట ఒక్కోలా వచ్చాయి. ఇవి కాకుండా సైనికులు తమ డబ్బులతో నగల షాపుల్లో ఇంకో పీస్ చేయించుకునేవాళ్లు, వాటిల్లో ఇత్తడి మధ్యముక్క ఉన్నవీ ఉన్నాయి, మొత్తం ఒకే ముక్కగా కొట్టినవీ ఉన్నాయి. కాబట్టి మాగ్నెట్ పట్టని అసలువి ఉన్నమాట నిజమే. కానీ ఇప్పుడు పోతపోసి అమ్ముతున్న డూప్లికేట్లలో కూడా చాలావాటికి మాగ్నెట్ పట్టదు, పైగా ఇనప ముక్క పెట్టి జాగ్రత్తగా చేసిన డూప్లికేట్లకి చక్కగా పడుతుంది, అందుకే మాగ్నెట్ ఒక్కటే పెట్టి ఏదీ తేల్చలేం.

పది రెట్లు పెద్దగా చూపించే లెన్స్ ఒకటి కొనుక్కోండి. క్రాస్‌ని పక్కకి తిప్పి అంచు చూడండి, రెండు ఫ్రేములు కలిసిన సన్నటి గీత చుట్టూ కనపడాలి. ఆ గీత లేకుండా నున్నగా ఉంటే పోతపోసిందేమో అని అనుమానించాలి, లేదా ఎవరో అతుకు కనపడకుండా అరగదీశారు, లేదా పైన చెప్పినట్టు ఒకే ముక్కగా కొట్టింది అయ్యుండొచ్చు. తర్వాత అంచు వెంబడి ఉండే చిన్న చిన్న పూసలు చూడండి, అచ్చు కొట్టిన పీస్‌లో ఏ పూసకి ఆ పూస విడిగా ఉంటుంది, పోతలో అన్నీ ఉడికిన సగ్గుబియ్యంలా కలిసిపోతాయి. పైన తగిలించే రింగ్ మీద 800 అని ఉంటే అది వెండి నాణ్యత, కొన్నిటి మీద విల్మ్ లాంటి తయారీదారు గుర్తు ఉంటుంది, ఏ గుర్తూ లేనివి కూడా బోలెడు. గుర్తు లేదని పారెయ్యొద్దు, ఉందని ఎగబడొద్దు, ఎందుకంటే రింగ్ మార్చడం ఐదు నిమిషాల పని.

రిబ్బన్ గురించి కూడా చెప్పాలి. యుద్ధరంగంలో ఉన్నవాళ్లకి నల్ల రిబ్బన్ మీద తెల్ల చారలు, పోరాటంలో లేనివాళ్లకి తెల్ల రిబ్బన్ మీద నల్ల చారలు. రెండోది తక్కువమందికి ఇచ్చారు కాబట్టి రేటు ఎక్కువ, కానీ క్రాస్ మాత్రం రెండిటికీ ఒకటే! తెల్ల రిబ్బన్ విడిగా కొని తగిలించి "నాన్-కాంబాటెంట్ వేరియంట్" అని అమ్మేస్తారు, పాత కాగితం ఏదైనా తోడు లేకపోతే దానికి ఎక్స్‌ట్రా ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. నా లెక్కలో వేరియంట్ అంటే అది ఎందుకు అలా తయారైందో ఒక కారణం చెప్పగలగాలి, లోహం కొరతో, రూల్ మారిందో, ఎవరో సొంతంగా చేయించుకున్నారో, ఏదో ఒకటి. మీ అమ్మినాయన్ని ఆ కారణమే అడగండి, చెప్పలేకపోతే రిటర్న్ పెట్టెయ్యండి.

ప్రశ్న: విశాఖ నుంచి రాస్తున్నా. నా దగ్గర 1870-71 ఫ్రాన్స్-జర్మనీ యుద్ధం మెడల్ ఉంది, నల్లబడిపోయిందని మా అమ్మ చింతపండు పెట్టి తోమబోతే ఆపాను. ఎలా క్లీన్ చెయ్యాలి? ఇది కంచుదా స్టీలుదా ఎలా తెలుస్తుంది?

జవాబు: ఆపి మంచి పని చేశారు. చింతపండు, పీతాంబరి, నిమ్మకాయ ఏదీ వద్దు, ఆ నల్లటి పొర పోతే సగం విలువ పోయినట్టే, మళ్లీ రావడానికి వందేళ్లు పడుతుంది. మెత్తటి పొడిబట్టతో దుమ్ము దులిపితే చాలు. మీది సముద్రం గాలి ఊరు కాబట్టి డబ్బాలో సిలికా జెల్ ప్యాకెట్లు వేసి నెలనెలా మార్చండి, పీవీసీ ప్లాస్టిక్ కవర్లలో మాత్రం పెట్టకండి.

ఇక రెండో ప్రశ్న, ఇది నాకు చాలా ఇష్టమైన మెడల్. పోరాడిన సైనికులకి ఇచ్చినది కంచు, అదీ ఫ్రెంచ్ వాళ్ల దగ్గర పట్టుకున్న ఫిరంగులు కరిగించి చేసిన కంచు. అంచు మీద గోరుతో తడిమి చూడండి, "ఔస్ ఎరోబర్టెమ్ గెషూట్స్" అని అక్షరాలు తగులుతాయి, పట్టుకున్న ఫిరంగి నుంచి అని అర్థం. పోరాటంలో లేకుండా సేవ చేసినవాళ్లకి ఇచ్చినది స్టీలు, దాని మీద యుద్ధంలో కర్తవ్యనిష్ఠకి అనే అర్థం వచ్చే రాత ఉంటుంది, కంచుదాని మీద విజయం సాధించిన సైన్యానికి అని ఉంటుంది. ఈ రాతా ఆ లోహం కలవకుండా ఎవరైనా "అరుదైన స్టీల్ కాంబాటెంట్" అని చూపిస్తే నేనైతే దాని జోలికి పోను. రిబ్బన్ మీద యుద్ధాల పేర్లున్న పట్టీలుంటే అవి 1895లో అనుమతించినవి, మెడల్ వచ్చిన పాతికేళ్లకి, కాబట్టి పట్టీ కొత్తగా మెరుస్తోందని కంగారుపడక్కర్లేదు.

ప్రశ్న: స్టుట్‌గార్ట్‌లో జాబ్ చేస్తున్నానండి, ఆదివారం ఫ్లోమార్క్ట్‌కి (పాత సామాన్ల సంతకి) వెళ్తుంటా. ఎర్రటి ఎనామెల్ క్రాసులు మూడు రకాలు కనపడ్డాయి, ఒకదాని మీద కోట, ఒకదాని మీద తాళంచెవి, ఒకదాని మీద రెండు తలల గద్ద. ఏది కొనాలి? కొన్ని మెడల్స్ మధ్యలో స్టిక్కర్ అంటించి అమ్ముతున్నారేంటి?

జవాబు: అవి హాన్సా నగరాల (ఉత్తర జర్మనీలోని పాత వ్యాపార నగరాల) క్రాసులు, 1915లో మొదలయ్యాయి. కోట హాంబర్గ్, తాళంచెవి బ్రేమెన్, గద్ద ల్యూబెక్. వెనక రాత మూడిటికీ ఒకటే. అన్నిటికంటే తక్కువ ఇచ్చింది ల్యూబెక్, దొరికితే వదలకండి, కానీ ఎనామెల్ చూసుకోండి, పెచ్చులూడిన చోట ఎర్ర పెయింట్ పూసి అమ్ముతారు, వెలుతురులో వంచి చూస్తే పెయింట్ మెరుపు గాజు మెరుపులా ఉండదు. అప్పటి జర్మనీలో ఒక్కో రాజ్యానికి సొంత మెడల్స్ ఉండేవి కాబట్టి వేరియంట్ల పిచ్చి ఉన్నవాళ్లకి అసలు పండగ అక్కడే. మెక్లెన్‌బర్గ్-ష్వెరీన్ క్రాస్ 1848లో పుట్టింది, తర్వాత యుద్ధం మారినప్పుడల్లా కింద సంవత్సరం మార్చి కొట్టారు, 1864, 1870, 1914 అలా. 1914ది సులభంగా దొరుకుతుంది, పాతవి ఏళ్ల తరబడి వెతకాలి.

స్టిక్కర్ సంగతంటారా, 1939లో మళ్లీ తెచ్చిన ఐరన్ క్రాస్‌తో సహా నాజీల కాలంనాటి చాలా మెడల్స్ మీద స్వస్తిక్ ఉంటుంది, జర్మనీలో దాన్ని బహిరంగంగా చూపించడం నేరం, అందుకే కప్పుతారు. మీరు కూడా ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకండి, మన ఇంటి గుమ్మం మీద స్వస్తిక్ వేరు, అక్కడ దాని వెనక ఉన్న హత్యలు వేరు. 1939 అని ఉన్న ఐరన్ క్రాస్ మీద స్వస్తిక్ ఉండాల్సిన చోట ఓక్ ఆకులు కనపడితే అవి 1957 చట్టం తర్వాత స్వస్తిక్ తీసేసి చేసినవి, అసలు కాలంవి కావు.

ప్రశ్న: నెల్లూరు నుంచి. మద్రాసు మీద బాంబులేసిన జర్మన్ యుద్ధనౌక ఎండెన్ వాళ్ల ఐరన్ క్రాస్ అని ఒకాయన చూపిస్తున్నాడు. కొనొచ్చా?

జవాబు: ఎండెన్ 1914 సెప్టెంబర్ 22 రాత్రి మద్రాసు హార్బర్ దగ్గర బర్మా ఆయిల్ ట్యాంకులు తగలబెట్టింది, నవంబర్ 9న కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా యుద్ధనౌక సిడ్నీ చేతిలో పోయింది. ఎండెన్ వాళ్లకి ఐరన్ క్రాసులు ఇచ్చిన మాట నిజం, కానీ అవి అందరికీ ఇచ్చిన మామూలువే, ఎండెన్ అని ప్రత్యేక గుర్తేమీ ఉండదు. పేరున్న సర్టిఫికెట్ లేకపోతే అది కథ మాత్రమే, కథకి డబ్బులివ్వకండి. ఎండెన్ మీద దొరికిన మెక్సికో వెండి డాలర్లకి కిరీటం తగిలించి మెడల్‌గా చేసినవి మాత్రం వేరు, అవి సిడ్నీ వాళ్ల వైపు నుంచి వచ్చినవి, జర్మన్ మెడల్స్ కావు.

ప్రశ్న: జర్మన్ సౌత్‌వెస్ట్ ఆఫ్రికా (ఇప్పటి నమీబియా) మెడల్ కొనాలనుకుంటున్నా, పట్టీలు ఎన్ని ఎక్కువుంటే అంత మంచిదా? (పుణె నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: రేటు పెరుగుతుందమ్మా, అందుకే పట్టీలు తర్వాత తగిలించి మోసం చేసేది కూడా ఎక్కువ ఈ మెడల్‌కే. 1907లో పెట్టారు, పోరాడినవాళ్లకి కంచు, మిగతావాళ్లకి స్టీలు. పట్టీ వెనక వైపు చూడండి, రిబ్బన్ దూరే చోట పాత మురికి, అరుగుదల మెడల్ అరుగుదలతో సరిపోవాలి. ఒకటి మాత్రం తెలిసి కొనండి. వాటర్‌బర్గ్ అని ఉన్న పట్టీ 1904 ఆగస్టు యుద్ధానిది. అక్కడ ఓడిన హెరెరో జనాన్ని, పిల్లలు ఆడవాళ్లతో సహా, ఒమాహెకె ఎడారిలోకి తరిమి నీళ్ల బావుల దగ్గరకి రానివ్వలేదు, వేలమంది దాహంతో చచ్చిపోయారు. అది జాతి హననమేనని 2021లో జర్మనీ ప్రభుత్వమే ఒప్పుకుంది. దీన్ని "అందమైన కలోనియల్ మెడల్" అని పెట్టి అమ్మేవాళ్లని చూస్తే నాకు కోపం వస్తుంది. మీరు కొంటే డబ్బాలో దాని పక్కన హెరెరోల పేరు, సంవత్సరం, ఏం జరిగిందో రాసిన కార్డు పెట్టండి, ఎవరికైనా చూపించినప్పుడు అది కూడా చదివించండి. ఎవరి దగ్గర కొన్నారు, ఎంతకి కొన్నారు, ఏ పట్టీలతో వచ్చింది అనేది ఆ కార్డు వెనకే రాసేస్తే సరిపోతుంది.