అమరజ్యోతా, అఖండజ్యోతా?

సందేహం: సెలవుల్లో ఢిల్లీ వెళ్లి జాతీయ యుద్ధ స్మారకం చూసి వచ్చాం. మా అబ్బాయి స్కూలు వ్యాసంలో ‘ఇండియా గేట్ దగ్గర శాశ్వత జ్వాలను ఆర్పేశారు’ అని రాశాడు. ‘అమరజ్యోతి’ అనాలిరా అన్నాను నేను. ‘అఖండ జ్యోతి’ అంది మా అమ్మ. ఏది సరైనది?

సమాధానం: ముందు మీ అమ్మగారి మాట చూద్దాం. ఖండం అంటే ముక్క. మధ్యలో తెగకుండా వెలిగేది అఖండం. నవరాత్రుల్లో ఇంట్లో అఖండం పెట్టినవాళ్లకు తెలుసు, రాత్రి రెండింటికైనా లేచి నూనె చూసుకోవాలి, వత్తి ఎగదోయాలి. ద్రాక్షారామం గుడిలో అఖండ దీపాల నేతి కోసం గొర్రెలను, ఆవులను దానమిచ్చిన శాసనాలు ఎన్నో ఉన్నాయి. అంటే ఆ మాటలో వెలుగు ఒక్కటే లేదు, దాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి కూడా ఉన్నాడు. ఢిల్లీలో నేతికి బదులు గ్యాస్ వచ్చింది. కాపలా మాత్రం ఉంది. ఇండియా గేట్ దగ్గర వెలిగినన్నాళ్లూ త్రివిధ దళాల జవాన్లు రాత్రనక పగలనక దాని పక్కన నిలబడ్డారు. ఇలాంటి జ్యోతిని ఏ దేశంలో చూసినా నేనైతే ‘అఖండ జ్యోతి’ అనే రాస్తాను.

‘శాశ్వత జ్వాల’ ఇంగ్లిష్‌లోని ‘ఎటర్నల్ ఫ్లేమ్’కు మాటకు మాట పెట్టి చేసింది. వ్యాకరణం తప్పు కాదు. కానీ తెలుగులో జ్వాల కాలుస్తుంది: ఆకలి జ్వాల, విరహ జ్వాల, ద్వేష జ్వాల. మనం చేతులు జోడించేది జ్యోతికి.

ఇక మీ మాట. ‘అమరజ్యోతి’ని రెండు రకాలుగా విడదీయవచ్చు. అమరమైన జ్యోతి అంటే కర్మధారయం, అమరుల జ్యోతి అంటే షష్ఠీ తత్పురుషం. ఇక్కడ రెండోదే పట్టుకోవాలి. 1972 జనవరి 26న ఇండియా గేట్ కింద ప్రారంభించినప్పుడు పెట్టిన పేరు చూడండి: ‘అమర్ జవాన్ జ్యోతి’. అమరుడు జవానే. జవాన్ అన్నది పారసీ మాట, మన ‘యువ’కు చుట్టం. అసలు అర్థం పడుచువాడు. నేను వెళ్లిన సాయంత్రం జాతీయ యుద్ధ స్మారకంలోని త్యాగ చక్రం గోడల మీద బంగారు రంగు అక్షరాల్లో అమర జవాన్ల పేర్లు చదువుకుంటూ నడుస్తుంటే ఆ అర్థమే పదేపదే గుర్తొచ్చింది. గల్వాన్‌లో 2020లో అమరుడైన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు వయసు నలభై కూడా దాటలేదు. హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున 2023లో ప్రారంభమైన తెలంగాణ అమరవీరుల స్మారకాన్ని అమరజ్యోతి అంటున్నదీ ఈ అర్థంలోనే.

అబ్బాయి వాక్యంలో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ‘ఆర్పేశారు’. మన ఇళ్లలో పెద్దవాళ్లు దేవుడి దగ్గర దీపం ఆరిపోయిందని నోటితో అనరు, కొండెక్కింది అంటారు. అదీగాక 2022 జనవరి 21న ఆ జ్యోతిని తీసుకెళ్లి జాతీయ యుద్ధ స్మారకంలోని జ్యోతిలో కలిపారు. అందుకని ఇలా రాయమనండి: ‘ఇండియా గేట్ దగ్గర సుమారు యాభై ఏళ్లు అఖండంగా వెలిగిన అమర్ జవాన్ జ్యోతిని యుద్ధ స్మారకంలోని జ్యోతిలో కలిపారు. మేము అక్కడికి వెళ్లి చూశాం.’