రాత్రి నాలుగైదుసార్లు లేస్తున్న నాన్నగారు: గ్రంథి సైజు కన్నా ముందు చూడాల్సిన అంకె

మీ నాన్నగారికి 68 ఏళ్లు, రాత్రి నాలుగైదుసార్లు ఒంటికి లేస్తున్నారు, ధార సన్నబడింది, స్కానింగులో ప్రోస్టేట్ (మూత్రసంచి కింద ఉండే గ్రంథి) 46 గ్రాములని వచ్చింది, క్యాన్సరేమో, ఆపరేషన్ తప్పదేమో అని ఇంట్లో టెన్షన్ అని రాశారు. నేను ఆ వయసు దాటినవాణ్ణే. ఇదే బాధకు కొన్నేళ్లుగా మాత్ర వాడుతున్నాను.

వయసుతో ఈ గ్రంథి ఇలా పెరగడం క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారదు కూడా. అయితే రెండూ ఒకే మనిషికి ఉండొచ్చు కాబట్టి యూరాలజిస్టు (మూత్ర సమస్యల డాక్టరు) మలద్వారం గుండా వేలితో పరీక్ష చేస్తారు, ప్రోస్టేట్ తయారుచేసే ఒక ప్రొటీన్‌ని కొలిచే పీఎస్ఏ రక్తపరీక్ష గురించీ మాట్లాడతారు. పీఎస్ఏ కాస్త ఎక్కువ వచ్చినా హడలిపోకండి. గ్రంథి పెరిగినా, యూరిన్ ఇన్ఫెక్షన్ ఉన్నా అది పెరుగుతుంది.

ఇక ఆ 46 గ్రాములు. మామూలుగా 20 గ్రాముల చుట్టూ ఉండేది ఇంతయిందని కంగారు సహజమే. కానీ సైజుకీ బాధకీ నేరుగా లెక్క కుదరదు. పెద్ద గ్రంథితో హాయిగా ఉన్నవాళ్లున్నారు, చిన్నదానితోనే అవస్థ పడేవాళ్లున్నారు. అదే రిపోర్టులో మూత్రం పోశాక మూత్రసంచిలో ఎంత మిగిలిందో మిల్లీలీటర్లలో రాస్తారు. ముందు అది చూడండి. ఎక్కువగా నిలవుంటే ఇన్ఫెక్షన్లు, రాళ్లు వస్తాయి, చివరికి కిడ్నీలకూ ముప్పే. అయితే ఆ అంకె ఎలా వచ్చిందో కూడా అడగండి. స్కానింగ్ సెంటర్లో నీళ్లు తాగించి గంటలు కూర్చోబెడతారు, పొత్తికడుపు పగిలిపోతుంటే పిలుస్తారు, తర్వాత బయట క్యూ ఉందని బాత్రూంలో తొందరపెడతారు. అలా బిగబట్టి పోసిన రోజు ఎవరికైనా ఎక్కువ మిగలొచ్చు. నాకు మొదట భయపెట్టే అంకె వచ్చింది, మరో రోజు నిదానంగా వెళ్లొచ్చి తీయించుకుంటే బాగా తగ్గింది.

ఇంట్లో ఒక పని చేయండి. గీతలున్న ప్లాస్టిక్ మగ్గు పెట్టి మూడు రోజులు ఏ టైముకు ఎంత పోశారో కాగితం మీద రాయించండి. రోజు మొత్తంలో మూడో వంతు కన్నా ఎక్కువ రాత్రే పోతుంటే తప్పంతా ప్రోస్టేట్‌దే అనలేం. షుగరు, కాళ్ల వాపు, సాయంత్రం వేసుకునే నీరు లాగే బీపీ మాత్ర కూడా కారణం కావచ్చు. మాత్ర వేళ మార్చాలా అన్నది డాక్టరునే అడగండి. నీళ్లు పూర్తిగా తగ్గించేయకండి, మన ఎండల్లో అది ఇంకో ప్రమాదం. పడుకునే ముందు రెండు మూడు గంటలు తగ్గిస్తే చాలు.

మందులు చాలామందికి పనిచేస్తాయి. టామ్సులోసిన్ లాంటివి కొద్ది రోజుల్లోనే ధారను మెరుగుపరుస్తాయి, కానీ లేచి నిలబడగానే కళ్లు తిరగొచ్చు. రాత్రి మంచం అంచున కాసేపు కూర్చుని లేవమనండి. ఫినాస్టెరైడ్, డ్యుటాస్టెరైడ్ గ్రంథిని మెల్లగా కుదిస్తాయి, ఆరు నెలలు ఓపిక పట్టాలి. అవి పీఎస్ఏని దాదాపు సగానికి తగ్గిస్తాయి, పరీక్ష చేసే డాక్టరుకు ఆ సంగతి తెలియాలి. మందులకు లొంగకపోయినా, మూత్రం పదేపదే బిగుసుకుపోయినా, కిడ్నీ మీద ప్రభావం పడినా అప్పుడు టీయూఆర్‌పీ (మూత్రనాళం గుండా పరికరం పంపి అడ్డొస్తున్న గ్రంథి భాగాన్ని తీసేయడం), లేజర్ లాంటి ఆపరేషన్ల మాట.

జలుబు మాత్రలతో మాత్రం జాగ్రత్త. ముక్కుదిబ్బడకు మెడికల్ షాపులో ఇచ్చిన మాత్ర వేసుకున్న రోజు సాయంత్రానికి నాకు చుక్క రాలేదు. పొట్ట రాయిలా గట్టిపడింది, ఆసుపత్రిలో ట్యూబు వేశాకే ప్రాణం కుదుటపడింది. అలా పూర్తిగా ఆగిపోయినా, చలిజ్వరం వచ్చినా తెల్లారేదాకా ఆగకండి. మూత్రంలో రక్తం కనిపిస్తే, ఒక్కసారి కనిపించి పోయినా సరే, చూపించాలి.

నాన్నగారికి కంటి శుక్లాల ఆపరేషన్ చేయించాల్సి ఉంటే, టామ్సులోసిన్ వాడుతున్నట్టు కంటి డాక్టరుకు ముందే చెప్పండి. మాత్ర మానేసి చాలా రోజులైనా చెప్పాల్సిందే.