మీరు విన్నవాళ్లు వేరు, కొన్నవాళ్లు వేరు

పాత ‘అవర్ ఫాదర్’ పాటలో గాయకుడి కేక విని, అమెరికా అంధ గాయకుల క్రైస్తవ భక్తిగీతాల బృందం బ్లైండ్ బాయ్స్ సీడీ కొంటే గొంతు కలవలేదు, నకిలీ అంటగట్టారా అని అడిగారు. టెన్షన్ పడకండి, సీడీ అసలుదే. ఆ పేరుతో రెండు బృందాలున్నాయండీ. మొదట్లో నేనూ ఇలాగే బోల్తాపడ్డాను.

మీరు విన్నది మిసిసిపీ రాష్ట్రం వాళ్లది. ఆ కేక ఆర్చీ బ్రౌన్లీది, ఆయన 1960లోనే పోయారు. మీ సీడీ ‘స్పిరిట్ ఆఫ్ ది సెంచరీ’ 2001 నాటిది, అలబామా రాష్ట్రం వాళ్లది. క్లారెన్స్ ఫౌంటెన్, జిమ్మీ కార్టర్ పాడింది. వీళ్లు టల్లడేగా అంధుల పాఠశాలలో కలిసి పాడటం మొదలుపెట్టినవాళ్లు. అప్పట్లో వీళ్ల పేరు హ్యాపీల్యాండ్ జూబిలీ సింగర్స్, అవతలివాళ్లది జాక్సన్ హార్మనీర్స్. 1948లో న్యూజెర్సీలో ఒక నిర్వాహకుడు అంధ గాయకుల పోటీ అని ఇద్దరినీ ఒకే వేదిక ఎక్కించాడు, ఇద్దరికీ ‘బ్లైండ్ బాయ్స్’ అన్న పేరే అతుక్కుపోయింది!

1950ల రికార్డులు కొనేటప్పుడు లేబుల్ (రికార్డు కంపెనీ పేరు) చూడండి: పీకాక్ అయితే మిసిసిపీ, స్పెషాల్టీ అయితే అలబామా. మీకు కావలసింది పీకాక్. అలాగని ఉన్న సీడీ మాత్రం వెనక్కి ఇచ్చేయకండి, దానికి గ్రామీ ఊరికే రాలేదు.