గోడ చెమ్మ: రంగు డబ్బా కొనే ముందు

ప్రశ్న: పడకగదిలో కిటికీ కింద చదరపు మీటరు మేర చెమ్మ పట్టి పుట్టీ పొడిగా రాలుతోంది. నిరుడు గోకించి, కొత్త పుట్టీ పెట్టించి, తడి ఆపుతుందన్న రంగు రెండు పూతలు వేయించాం. ఏడాది తిరక్కుండానే మళ్లీ పొంగింది. ఈసారి తక్కువ ఖర్చులో, మళ్లీ రాకుండా ఏం చేయాలి?

జవాబు: నీళ్లు గోడలోకి వచ్చే దారి అలాగే ఉంది, ఆరిపోయే దారి మాత్రం ఆ రంగుతో మూసుకుపోయింది. నీరు దాటనివ్వని పూత గది వైపు వేస్తే తడి గోడలోనే నిలుస్తుంది. ఇటుకలోని, సిమెంటులోని ఉప్పు ఆ తడిలో కరిగి పైకొస్తుంది. పూత వెనక గట్టిపడి పొరను ముందుకు తోస్తుంది. పుట్టీ పొడి కావడానికి కారణం ఇదే. కాబట్టి మొదటి ఖర్చు గోడకు బయటి వైపు పెట్టండి.

మచ్చ కిటికీ కిందే ఉంది కనుక ముందు కిటికీనే అనుమానించాలి. చట్రానికీ గోడకూ మధ్య సందు పడిందా? కిటికీ అడుగున పరిచిన బండ బయటికి వాలి ఉందా? దాని మీద గ్లాసుడు నీళ్లు పోస్తే తెలిసిపోతుంది. బండ గోడ దాటి బయటికి వచ్చి, అడుగున చిన్న గాడి ఉండాలి. ఆ గాడి లేకపోతే వాన నీరు బండ అడుగునే పాకుతూ గోడలోకి చేరుతుంది.

అప్పటికీ తేలకపోతే పైపుతో బయటి గోడ తడిపి చూడండి. మచ్చ అంచు వెంట లోపల పెన్సిల్ గీత గీసి తేదీ రాయండి. తడపడం కిందినుంచి మొదలుపెట్టి, ఒక్కో ఎత్తులో 15 నిమిషాలు చేయండి. పైనుంచి మొదలుపెడితే నీరు జారి గోడంతా తడిసిపోతుంది, ఎక్కడ దిగుతోందో తెలియదు. 9 అంగుళాల గోడలో తడి లోపలికి రావడానికి గంటలు పట్టవచ్చు కాబట్టి రోజుకు ఒక ఎత్తు చూస్తే చాలు. మచ్చలోనే స్విచ్‌బోర్డు ఉంటే ముందు ఆ లైను కరెంటు ఆపి ఎలక్ట్రీషియన్‌కు చూపించండి. అది తేలేదాకా గోడ తడపొద్దు.

దారి దొరికాక మరమ్మతు ఖర్చు తక్కువే. చట్రం చుట్టూ సందు మూయడానికి పెట్టిన పాత సీలెంటును పూర్తిగా గీకేసి, సందు ఆరాక కొత్తది నింపండి. పాత సిలికాన్ సీలెంటు మీద కొత్తది పట్టదు, సిలికాన్ మీద రంగూ నిలవదు. రంగు వేయాల్సిన చోట అక్రిలిక్ సీలెంటు వాడండి. గోడ నెర్రెల మీద ఊరికే పూత పూయకండి. ఉలితో 8 నుంచి 10 మిల్లీమీటర్ల లోతున వి ఆకారంలో తెరిచి, దుమ్ము దులిపి, క్రాక్ ఫిల్లర్ కూరి, ఆరాక బయటి గోడల రంగు రెండు పూతలు వేయండి. నెర్రె ఏటవాలుగా సాగుతూ నెలనెలా వెడల్పవుతుంటే అది చెమ్మ సమస్య కాదు. ఇంజినీరుకు చూపించాలి.

ఇక లోపలి పని. మచ్చ అంచు దాటి 30 సెంటీమీటర్ల వరకూ ప్లాస్టరింగ్ కొట్టేసి ఇటుక బయటపెట్టండి. తేలిన ఉప్పును పొడి బ్రష్‌తో రాల్చి, కింద కాగితం పరిచి ఎత్తిపోయండి. నీళ్లతో కడిగితే అది కరిగి మళ్లీ ఇటుకలోకే పోతుంది. వారానికోసారి దులుపుతూ, కొత్తగా ఉప్పు రావడం ఆగేదాకా గోడను అలాగే వదిలేయండి. అంగుళం మందానికి నెల అన్నది పాత లెక్క. గాలి బాగా ఆడితే తొందరగా ఆరుతుంది, ముసురు పడితే ఇంకా ఆలస్యమవుతుంది. ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. తడి ఇటుక మీద ఎంత ఖరీదైన సామాను పూసినా నిలవదు.

మచ్చ చదరపు మీటరే అయినా నాలుగు వైపులా కొట్టేశాక పూయాల్సింది రెండున్నర చదరపు మీటర్లు అవుతుంది. 12 మిల్లీమీటర్ల మందాన చదరపు మీటరుకు సిమెంటు మూడున్నర లీటర్లు, అంటే సుమారు 5 కిలోలు, ఇసుక 14 లీటర్లు పడుతుంది. పాళ్లు ఒకటికి నాలుగు. ఇసుకలో ఉప్పు ఉండకూడదు, అందుకే సముద్రపు ఇసుక వద్దు. పూత గట్టిపడ్డాక 7 రోజులు తడుపుతూ ఉండండి, ఆ తర్వాత మూడు వారాలు ఆరనివ్వండి. పుట్టీ వైట్ సిమెంటుదే పెట్టండి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ తడి తగిలితే మెత్తబడుతుంది.

ప్రశ్న: కింది అంతస్తు గోడల్లో నేలనుంచి మూడడుగుల వరకూ చెమ్మ గీతలా పాకింది. అంతవరకూ టైల్స్ అంటించేస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. నేలలోని తడిని ఇటుక దీపం వత్తిలా పైకి పీలుస్తోంది. టైల్స్‌తో ఆరే చోటు మూసేస్తే అది టైల్స్ దాటి ఇంకా పైకి ఎక్కుతుంది. ముందు బయటికెళ్లి చూడండి. గోడకు ఆనించి మట్టి పోశారా, పూలమడి కట్టారా, వాన నీరు అక్కడే నిలుస్తోందా? బయటి నేల ఇంటి లోపలి నేలకన్నా కనీసం 15 సెంటీమీటర్లు కిందికి ఉండి, గోడకు దూరంగా వాలాలి. ఈ ఒక్క మట్టి పనితో చాలా గోడలు ఆరిపోతాయి. పార ఉంటే ఖర్చు కూడా లేదు.

ఆ తర్వాత కూడా తడి ఎక్కుతుంటే పునాది మీద వేసే తేమ నిరోధక పొర లేదనో, చెడిందనో అర్థం. గోడ అడుగున వరసగా రంధ్రాలు చేసి తడిని అడ్డుకునే మందు ఎక్కించే పద్ధతి ఉంది కానీ అది ఖర్చుతో కూడినది, పనితనం తెలిసినవాళ్లే చేయాలి. తక్కువలో కావాలంటే సిమెంటు పూత తీసేసి, సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్లతో పూయించి, పైన సున్నమే కొట్టించండి. చెమ్మ పూర్తిగా పోదు. కానీ గోడ తడిని గాలికి వదులుతుంది, పెచ్చులు ఊడటం బాగా తగ్గుతుంది. సున్నం కలిపేటప్పుడు కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి.

ప్రశ్న: స్నానాల గది అవతలి గోడకు ఎండాకాలంలోనూ తడి ఆరదు. టైల్స్ అన్నీ తీయాలంటున్నారు.

జవాబు: తొందరపడకండి. ముందు పైపు సంగతి తేల్చండి. కుళాయిలన్నీ కట్టేసి, నీటి మీటరు అంకె రాసుకుని, రెండు గంటలు నీళ్లు వాడకండి. అంకె కదిలితే ఎక్కడో పైపు కారుతోంది, ప్లంబరును పిలవండి. కదలకపోతే, నేల మీది జాలీని గట్టిగా మూసి 2 సెంటీమీటర్ల మేర నీళ్లు నింపి ఒక రాత్రి ఉంచండి. గడప దాటకుండా చూసుకోండి. కింద ఇంకో ఇల్లుంటే వాళ్లకు ముందే చెప్పండి. తెల్లారేసరికి మచ్చ పెరిగితే లోపం నేలలోనో, నేలా గోడా కలిసే మూలలోనో ఉంది.

అప్పుడైనా ముందు టైల్స్ సందులు చూడండి. ఆ సందుల్లో నింపిన పాత గ్రౌట్‌ను కనీసం 3 మిల్లీమీటర్ల లోతున గీకి, పూర్తిగా ఆరాక ఎపాక్సీ గ్రౌట్ నింపండి. మూలల్లో, కుళాయి గొట్టాల చుట్టూ మాత్రం సాగే సీలెంటు పెట్టాలి, అక్కడ గట్టి గ్రౌట్ పగులుతుంది. ఇది చేసి నెల గడిచినా మచ్చ అంచున గీసుకున్న పెన్సిల్ గీత దాటి చెమ్మ పెరుగుతుంటే, అప్పుడు టైల్స్ మాట ఆలోచించవచ్చు.

ప్రశ్న: బీరువా వెనక గోడకు నల్లటి బూజు. నీరు ఎక్కడినుంచీ కారడం లేదు.

జవాబు: అర మీటరు పాలిథిన్ కాగితాన్ని నాలుగంచులా టేపుతో గోడకు అంటించి రెండు రోజులు ఉంచండి. గది వైపు చెమర్చితే గాలిలోని తేమ చల్లటి గోడ మీద నీరవుతోంది. గోడ వైపు చెమర్చితే తడి గోడలోనే ఉంది, పైన చెప్పినట్టు వెతకాలి. మొదటిదైతే బీరువాను గోడకు 10 సెంటీమీటర్లు ఎడంగా జరపండి, తడి బట్టలు ఆ గదిలో ఆరేయకండి, రోజూ కాసేపు ఎదురెదురు కిటికీలు తెరవండి. బూజును పొడిగా దులిపితే గదంతా ఎగురుతుంది. మాస్కు కట్టుకుని, సబ్బు నీళ్లలో పిండిన గుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారేయండి. బ్లీచింగ్ వాడితే అందులో యాసిడ్ గానీ, అమ్మోనియా ఉన్న ద్రవం గానీ కలపకూడదు. విషవాయువు పుడుతుంది.